లిఫ్టు మనిషికి కిరీటం

దోహాలో అమెరికా నాటకాన్ని తెలుగులో ఆడించిన మొదటివాణ్ణి నేనే. చమురు డబ్బుతో ఊరంతా తవ్వి పోస్తున్న రోజులవి. మూడువేల మంది జనం. దర్శకుణ్ణి నేనే, కథానాయకుణ్ణి నేనే. తడవని కన్ను లేదు. నలభై ఏళ్లుగా కనబడ్డవాడికల్లా ఇలాగే చెబుతూ వచ్చాను.

ఇప్పుడు కాస్త తగ్గిస్తాను. జనం తొంభై మంది, గుమ్మంలో నిలబడ్డవాళ్లతో కలిపి. నేను కథానాయకుణ్ణి కాను, తెర వెనక నుంచి మాటలు అందించే ప్రాంప్టర్ని. అది అమెరికా నాటకమూ కాదు. మా సైటులో పనిచేసిన అమెరికన్ ఇంజనీరు వెళ్లిపోతూ వదిలేసిన పెట్టెలో నాటకాల మీద పుస్తకమొకటి దొరికింది. ఈ కాలపు అమెరికన్ నాటకంలో విషాద నాయకుడు రాజే కానక్కర్లేదట. గుమాస్తా అయినా, కూలివాడైనా, తన పరువు కోసం చివరిదాకా పెనుగులాడితే చాలునట. పన్నెండు పేజీలు చదివి మిగతాది నేనే కల్పించాను. పెద్ద దుకాణంలో ముప్పై ఏళ్లు లిఫ్టు నడిపిన ముసలివాడి కథ. మీట నొక్కితే తనంతట తానే కదిలే కొత్త లిఫ్టు వస్తుంది, ఇతని ఉద్యోగం పోతుంది. నా పేరు చెబితే ఎవరూ రారని అమెరికా పేరు చెప్పాను.

నేను కంపెనీ ఆఫీసులో టైపిస్టుని. లిఫ్టు మనిషి వేషానికి మా క్యాంపులోనే ఒకాయన దొరికాడు. కరీంనగర్ వైపు మనిషి, యాభైకి దగ్గర పడ్డవాడు. స్లాబు పోసే ముందు ఇనుప చువ్వల్ని, ఆయన మాటలో సలాకల్ని, తీగతో కట్టడం ఆయన పని. ఊళ్లో బాగోతాల్లో రాజు వేషాలు కట్టేవాడట. గొంతు విప్పితే మెస్సు పైకప్పు రేకులు అదిరేవి. అందరం మేస్త్రీ అని పిలిచేవాళ్లం.

శుక్రవారం మధ్యాహ్నాలు రిహార్సళ్లు. మొదటి రోజే గొడవ.

"మేస్త్రీ, మీరు మామూలు మనిషి. వచ్చి ఆ స్టూలు మీద కూర్చోండి, అంతే."

"గట్లెట్ల సారు? వచ్చినోడు నేను ఫలానా అని చెప్పుకోకపోతే జనానికి ఎట్ల ఎరుకైతది?"

"చూస్తే తెలుస్తుంది."

"మామూలు మనిషిని సూసుటానికి ఎవడస్తడు? గోడకు అద్దమున్నది గద!"

యజమాని వేషం వేసింది హైదరాబాదు డ్రైవరు. పడీ పడీ నవ్వాడు. "అరె మియా, కాళ్లకు హవాయి చెప్పులు, నెత్తికి కిరీటం కావాల్నా? పోయేది నౌకరీ, రాజ్యం కాదు."

"రెండిట్ల ఫరకేందో నువ్వే చెప్పు," అన్నాడు మేస్త్రి.

నాకు ఒళ్లు మండేది. పన్నెండు పేజీల చదువు నాది, ఈయనేమో నాకు పాఠం చెబుతాడు. పైగా మా క్యాంపు పక్కనే, ఇప్పుడు ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అంటున్న చోట, అప్పుడు నిజంగానే విమానాలు దిగేవి. నేను గొంతు చించుకుని చెప్పిన సగం మాటలు ఆ రొదలో కలిసిపోయేవి. అన్నిటికన్నా కష్టం యజమాని గదిలో సీను. టోపీ చేత్తో పట్టుకుని, తల దించి, "అయ్యా, నన్ను తీసెయ్యకండి" అనాలి. ఆరు వారాలు నేర్పినా ఆ తల వంగలేదు.

రిహార్సల్ అయ్యాక ప్రతిసారీ ఒకటే అడిగేవాడు. "సారు, నా అగ్రిమెంటు కాయితం టైపుకొచ్చిందా? బాయి సగంల ఉన్నది. రాయి తగిలింది. ఇంకో రెండేండ్లు ఉంటె నీళ్లు జూస్త."

నాటకానికి తొమ్మిది రోజుల ముందు కాగితం వచ్చింది. అగ్రిమెంటు పొడిగించనివాళ్ల జాబితా. టైపు చేస్తుంటే నాలుగో పేరు ఆయనది. దోహాలోనే ఉమ్ ఘువైలినా పేటలో ఇంకో కంపెనీ చువ్వలు కట్టేవాళ్ల కోసం వెతుకుతోంది. ఆ వారంలోగా అడిగినవాళ్లకు మా మేనేజరు వేరే కంపెనీకి మారడానికి రిలీజు కాగితం ఇస్తున్నాడు. రెండూ నాకు తెలుసు. జాబితా అతికించేవరకు ఎవరికీ చెప్పొద్దని మేనేజరు అన్నాడని ఇన్నేళ్లూ సర్దిచెప్పుకున్నాను. ఆయన అలాంటిదేమీ అనలేదు. చెబితే మేస్త్రి వేషం వదిలేసి ఆ కంపెనీ చుట్టూ తిరుగుతాడు, నా నాటకం ఆగిపోతుంది. అందుకని ఆ జాబితాను సొరుగులో కార్బన్ పేపర్ల కింద పెట్టాను. ఆ శుక్రవారం ఆయన మళ్లీ అడిగాడు. ఇంకా రాలేదన్నాను.

నాటకం రోజున మేనేజరు ముందు వరుసలో కూర్చున్నాడు. యజమాని సీను వచ్చింది. తెర వెనక నుంచి మాట అందించాను. మేస్త్రి అందుకోలేదు. మళ్లీ గట్టిగా అందించాను. ముందు వరుసకు వినబడింది గాని మేస్త్రికి వినబడలేదు. చేతిలోని టోపీ తలకు పెట్టుకున్నాడు. కాలు నేలకేసి కొట్టాడు.

"ఎవడనుకున్నవ్ నన్ను! ఈ మేడకు ఎముకలు గట్టినోన్ని! ఉమ్ ఘువైలినాల నాలుగు బిల్డింగులు నా సలాకల మీద నిలవడ్డయి! నన్ను తీసేస్తవా? నా సలాక తీసి జూడు, నీ మేడ నిలుస్తదేమో జూస్త!"

యజమానిగా కూర్చున్న డ్రైవరు తన మాట మరిచి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. హాలంతా "వన్స్ మోర్!" అని ఒకటే అరుపు. మేస్త్రి వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చి, మొదటినుంచీ చెప్పాడు. తెలుగు ముక్క రాని మేనేజరు చప్పట్లు కొట్టి థర్మాస్ ఫ్లాస్కు బహుమతిచ్చాడు. నా విషాదం నాశనమైపోయిందని నేను తెర వెనక పళ్లు కొరుక్కున్నాను.

శనివారం పొద్దున జాబితాను సొరుగులోంచి తీసి ఇచ్చాను, నోటీసు బోర్డు మీద అతికించారు. మేస్త్రి దాన్ని ఊడదీసుకుని నా టేబులు దగ్గరికి వచ్చాడు.

"మీకు ఎరుకేనా సారు?"

"నాకేం తెలుసు మేస్త్రీ? ఇప్పుడేగా వచ్చింది."

ఆయనకు ఇంగ్లీషు రాదు. అంకెలు వచ్చు. కాగితం అడుగున టైపు చేసిన తేదీ వేయడం మా ఆఫీసు అలవాటు. దాని మీద వేలు పెట్టాడు.

"ఇది పదో తారీకు. ఇయ్యాల ఇరవై."

నేను కార్బన్ పేపర్లు సర్దుతూ కూర్చున్నాను.

"నాటకంల మాట మరిస్తే ముందుగాలనే అందిస్తిరి," అన్నాడు. "ఇదొక్కటి అందియ్యకపోతిరి."

మేనేజరు గదికి పరుగెత్తాను. రిలీజుల ఫైలు మూసేశామన్నాడు. "మాఫీ," అని, అరబ్బీలో లేదని చెబుతూ చేతులు తిప్పాడు. టోపీ లేదు గాని, ఆ గదిలో తల దించి నిలబడి, నేను రాసిన మాటలనే మేస్త్రి కోసం బతిమాలుతూ వాడాను. పనిచేయలేదు. ఆ వారంలోనే ఆయన్ని విమానం ఎక్కించారు.

తర్వాత బావిలో నీళ్లు పడ్డాయని ఆయన నాకు ఉత్తరం రాసినట్టు చాలామందికి చెప్పాను. మొన్న మా మనవరాలికి కూడా చెప్పాను. ఉత్తరమేదీ రాలేదు. నా అడ్రసు ఆయన అడగలేదు.