పెరుగు దాకా ఆగని మనిషి

గుడివాడ నుంచి పామర్రు వెళ్లే దారిలో సుందరరాజు స్కూటర్ పక్కన కారొకటి ఆగింది. దిగింది యశస్విని, పదేళ్ల కిందట ఆయన దగ్గర విమానం నడపడం నేర్చుకున్న పిల్ల.

"చిన్న విమానంలో గన్నవరం వచ్చాను సార్. మీరు చూపించిన పామర్రు మెస్సులో కొరమీను పులుసు తినిపోదామని."

ఆయన శిక్షణ అలాంటిది. శిష్యులు దూరం ఎగిరి మరో విమానాశ్రయంలో దిగాలని నియమం. అది ఏ ఊరిదో, అక్కడ చుట్టుపక్కల దొరికే భోజనాన్నిబట్టి ఆయన తేల్చేవారు. అంత తిండిపోతు ఏనాడూ పెరుగు దాకా కూర్చోలేదు. తిరిగి ఎగరాలి, గాలి మారిందనో, మబ్బు కమ్ముతోందనో లేచి వెళ్లిపోయేవారు. రెండేళ్ల కిందట గుండె పరీక్షలో తప్పి విమానం నడిపే లైసెన్సు పోయింది. తొందర పోయింది గాని కాలు నిలవదు; పొద్దున బందరు, మధ్యాహ్నం హంసలదీవి, మర్నాడు ఇంకెక్కడో.

మెస్సులో పులుసు కలుపుకుంటూ యశస్విని అంది, "ఒక సీటు ఖాళీగా ఉంది సార్. రండి, సముద్రం దాకా ఒక చుట్టు వేసొద్దాం."

ఆయన చెయ్యి కంచంలో ఆగింది. "ఏ సీటు?"

"నా పక్కదేనండీ. కాకపోతే కంట్రోల్స్ ముట్టుకోకూడదు."

"మొదటిరోజు నీకు నేను చెప్పిన మాటే కదమ్మా," అని నవ్వారు.

పెరుగు వచ్చింది. "ఈసారైనా వేసుకోండి సార్, ఇప్పుడు తొందరేముంది?" అందామె.

ఆయన చెయ్యి కడుక్కోవడానికి లేచారు. కుళాయి దగ్గర అలవాటుగా తలెత్తి చూశారు. మబ్బు లేదు, గాలి లేదు, లేచి వెళ్లడానికి సాకే లేదు. అయినా తడిచెయ్యి చొక్కాకి తుడుచుకుని, యశస్వినికి వస్తాననీ రాననీ చెప్పకుండానే స్కూటర్ వైపు నడిచారు.