మగ్గం గుంత మీద వంటగది

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు గదిలో మగ్గం ఉండేది. తర్వాత ఆ గదే కిరాయికిచ్చే వంటగది అయింది. ఆ మార్పు జరిగిన రోజు గురించి నేను ఇంతకాలం ఎవరికీ చెప్పలేదు. వినాల్సిన మనిషి బతికున్నప్పుడే నోరు విప్పలేదు. ఇప్పుడు చెప్పి ఎవరిని ఉద్ధరిస్తావని మీరడగొచ్చు.

మాది సిద్దిపేటలో నేతపనివాళ్ళ వాడ. మా బాపుది గుంత మగ్గం. చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: ఆ మగ్గానికి నేలలోనే ఒక గుంత ఉంటుంది. నేతగాడు దాని అంచున కూర్చుని, కాళ్ళు లోపలికి వదిలి, కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. పైన దారం మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే చిన్న చెక్కను నాడె అంటారు. ఎండాకాలం ఆ గుంత ఎంత చల్లగా ఉండేదో! నేను బాపు కాళ్ళ పక్కన ముడుచుకుని కూర్చుని, నాడె చప్పుడు వింటూ అక్కడే నిద్రపోయేదాన్ని. అమ్మ తిట్టేది. బాపు మాత్రం నా ఒంటికి తగలకుండా కాళ్ళాడించేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు ఆ మగ్గం ఆగిపోయింది. నూలు దొరికితే చీర అమ్ముడుపోదు, చీరకు గిరాకీ ఉందంటే నూలుండదు. వాడలో సగం మంది మరమగ్గాల పనికి బొంబాయి దగ్గరి భీవండి పోయారు. మిగిలిన సగం రేపో మాపో అన్నట్టున్నారు. అప్పుడే బడిలోకి కొత్తగా వచ్చిన ఒక పంతులమ్మ కిరాయికి ఇల్లు వెతుక్కుంటూ మా గుమ్మం తొక్కింది. పక్క గది నచ్చింది గానీ వంటగది లేకపోతే కుదరదంది. అదీ నిలబడి వండుకునేలా గట్టు ఉండాలట, నీళ్ళు పోయే తూము ఉండాలట. మా అమ్మ పుట్టి బుద్ధెరిగి నిలబడి వంట చేసింది లేదు. అయినా చేయిస్తానని మాటిచ్చేసింది. మగ్గమున్న గది వాళ్ళ వంటగది అవుతుంది, మేం వెనక గదిలో సర్దుకుంటాం, బాపు భీవండి పోతాడు. ఇదీ అమ్మ లెక్క.

బాపు ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకున్నాడు. గుంతను ఒట్టి ఇసుకతో నింపాలి, పైన బండలు ఊరికే పరవాలి. ఏడాది తిరిగి రాగానే బండలు లేపి, ఇసుక తోడేసి, మళ్ళీ మగ్గం దించుకుంటాడు. అమ్మ సరేనంది. ఆ మాట నమ్మే మగ్గం విప్పాడు. కట్టెలన్నీ బండి మీద వేసుకుని, దుబ్బాకలో మా మేనత్త ఇంట్లో దాచిరావడానికి పొద్దున్నే బయల్దేరాడు. నాడె ఒక్కటే తన దగ్గర ఉంచుకున్నాడు.

ఆయన అటు పోగానే మేస్త్రి చాచా వచ్చాడు. మూడు సందుల అవతల ఉండే ముసలి తురక మేస్త్రి. మా వాడలో సగం గోడలు ఆయన చేతివే. అతి తక్కువలో పని కానిచ్చే మనిషి. మా పెరట్లో కూలిపోయిన గోడ రాళ్ళతోనే గట్టు కడతానన్నాడు. గట్టు మీదికి పెద్ద బండ కొనాలంటే, అమ్మ తను బట్టలుతికే బండను చూపించింది. మసాలా డబ్బాలకు గోడలోని పాత గూళ్ళే సరిపోతాయన్నారు. కొన్నవి సున్నం, కాసిన్ని షాబాద్ బండలు, తూముకో గొట్టం, అంతే. పంతులమ్మ కోసం అమ్మ ఉతికే బండ కూడా ఇచ్చేసింది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను పోయి గుంతలో కూర్చున్నాను. అమ్మ రమ్మంటే రాలేదు. కొట్టినా రాలేదు. చివరికి చాచా గుంత అంచున గొంతుక్కూర్చుని, గంపలో ఉన్న ఇసుక గుప్పెడు తీసి నా అరచేతిలో పోశాడు. “రోనా నక్కో బిడ్డా, ఏడ్వకు. ఇసుకే పోస్తున్న. మీ బాపు వచ్చినంక ఒక్క పూటల తోడేస్తం, నీ జాగ నీకొస్తది,” అన్నాడు. ఆ మాటకు లేచాను. నన్నెత్తి బయట దించింది కూడా ఆయనే.

నేను వాకిట్లోకి పోయాక వాళ్ళు మాట్లాడుకోవడం వినపడింది. అది నీళ్ళు పడే చోటు, ఒట్టి ఇసుకైతే నెల తిరక్కుండా బండలు కుంగుతాయని చాచా అంటున్నాడు. అమ్మ అంది: “గట్టిగనే నింపు చాచా. ఆయనకు మాత్రం ఇసుకే అని చెప్పు. గుంత పోయిందంటే ఆయన భీవండి బండెక్కడు. ఆయన పోకుంటే మేం ఏం తిని బత్కాలె?”

తొంగి చూశాను. గోడ రాళ్ళు, ఇటుక ముక్కలు, మొరం అన్నీ గుంతలో పడుతున్నాయి. వాటి మీద తడి సున్నం పోసి, చాచా దిమ్మిసతో దంచాడు. ప్రతి దెబ్బకూ నా కాళ్ళ కింద నేల అదిరింది. నాలుగు వేళ్ళ మందం వదిలి, ఆ పైన ఇసుక పోసి సాపు చేశాడు. నేను గొల్లుమన్నాను. అమ్మ నా దవడ పట్టుకుని, బాపు అడిగితే ఏం చెప్తావని అడిగింది. ఇసుక అన్నాను. ఆమె కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. అయినా చెయ్యి తీయలేదు, ఇంకోసారి చెప్పించింది.

సాయంత్రం బాపు వచ్చేసరికి మూలన ఒక్క బండ మాత్రమే పరవాల్సి ఉంది. ఆ సందులో చెయ్యి పెట్టి పిడికెడు ఇసుక తీశాడు, వేళ్ళ సందుల్లోంచి జార్చాడు. చాచా తాపీ కడుక్కుంటూ, ఆ మూల బండకు సున్నం పెట్టనని, ఎప్పుడు కావాలంటే అప్పుడు అక్కణ్ణుంచి లేపుకోవచ్చని చెప్పాడు. బాపు ఆయన్ని చూడలేదు, అమ్మను చూడలేదు, నన్ను చూశాడు. “ఇసుకేనా బిడ్డా?” అన్నాడు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. “అవ్ బాపు” అన్నాను. ఆయన నవ్వాడు. వారం తిరిగేసరికి భీవండి వెళ్ళిపోయాడు.

మొదటి ఏడాది ఎండాకాలంలో వచ్చాడు. పంతులమ్మ వాళ్ళు సెలవులకు ఊరికి పోతూ తాళంచెవి మాకిచ్చి పోయారు. నాకు లంగాకని పచ్చటి గుడ్డ తెచ్చాడు, దాని మీద పసుపు చుక్కలు. అమ్మ చేత్తోనే కుట్టింది. ఆ సెలవుల్లోనే మగ్గం దించుతాడని నేను భయపడి చచ్చాను. దించలేదు. ఇంకో ఏడాది చూద్దామన్నాడు. ఆ ఇంకో ఏడాది చాలా ఏళ్ళయింది. వచ్చినప్పుడల్లా మంచినీళ్ళ వంకన కిరాయిదార్ల గుమ్మంలో నిలబడి నేలవైపు చూసేవాడు. నా వైపు తిరిగి, “ఇసుకే గద బిడ్డా, ఒక్క పూట పని,” అనేవాడు. అవ్ బాపు అనేదాన్ని. నా పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అమ్మ పోయింది, చాచా అంతకుముందే పోయాడు. నేను అవ్ బాపు అంటూనే ఉన్నాను. చివరికి దగ్గుతో, ఎముకల గూడై, శాశ్వతంగా ఇంటికొచ్చాడు. దవాఖానలో మంచం మీద కూడా ఆ మాటే అన్నాడు. నేనూ అదే జవాబు చెప్పాను. మర్నాడు పోయాడు.

ఇప్పుడు నేనే ముసలిదాన్ని. ఆ ఇంటి కిరాయే నా బువ్వ. ఈమధ్య ఎవరూ దిగడం లేదు. వచ్చినవాళ్ళంతా వంటగది చూసి మొహం చిట్లించి పోతున్నారు. అందుకని ఉన్నంతలో బాగు చేయిస్తున్నాను. దుకాణంలో మిగిలిన గ్రానైట్ ముక్కలు, పాత సామాను కొట్లో దొరికిన సింకు, సగం గోడ వరకే టైల్స్. నేను వండని వంటగది కోసం నేను బేరాలాడుతున్నాను. మా అమ్మ నాలోంచి మాట్లాడుతున్నట్టే ఉంటుంది.

మొన్న టైల్స్ వేసే అతను పాత బండలు లేపడం మొదలుపెట్టాడు. మూల బండ గడ్డపార ఆనించగానే లేచొచ్చింది. “అమ్మా, గిదేందో సూడు,” అని పిలిచాడు. దాని కింద ఇసుక లేదు. ఎవరో తోడేశారు. అడుగున దిమ్మిస దెబ్బలు తిన్న రాళ్ళు కనిపిస్తున్నాయి. ఆ రాళ్ళ మధ్య, ఒక ముక్క పెకలించిన సందులో చిన్న మూట ఉంది. విప్పితే బాపు నాడె. కొసల ఇనుము తుప్పు పట్టింది. చుట్టిన గుడ్డ చాలావరకు చివికిపోయింది గానీ, మడతలో మిగిలిన చోట పచ్చ రంగు, పసుపు చుక్కలు. నా లంగా కత్తిరింపుల్లో ముక్క.

ఆ ముక్కను చేతిలో తిప్పి తిప్పి చూశాను. అంటే మొదటి ఏడాదే, వాళ్ళు సెలవులకు పోయినప్పుడే, ఆయన బండ లేపి చూశాడు. లోపల ఏముందో తెలుసుకున్నాడు. నాడెను అందులోనే పెట్టి మూసేశాడు. ఆ తర్వాత అన్నేళ్ళు ఇసుకే గద అన్నది తన కోసం కాదు, నా కోసం. తొమ్మిదేళ్ళ పిల్ల ఆడిన అబద్ధం తను కనిపెట్టేశాడని ఆ పిల్లకు తెలియనివ్వకూడదని. నేను ఆయన్ని కాపాడుతున్నాననుకుని గర్వపడిన రోజులు కూడా ఉన్నాయి. ఎంత బుద్ధిలేనిదాన్ని!

నన్ను నిద్రపోనివ్వనిది ఇంకొకటుంది. మగ్గం గుంత తవ్వడం ఒక్క పూట పని. మా పెరట్లో ఎంతో జాగా ఉండేది, కట్టెలు దుబ్బాకలో ఎదురుచూస్తూ ఉండేవి. ఆ గుంత పోయింది బాపూ, రా ఇంకోటి తవ్వుకుందాం అని మాలో ఒక్కరన్నా అంటే సరిపోయేది. నేసి బతికేవాళ్ళమా అంటే ఏమో, నాకు తెలియదు. కానీ కొత్త గుంత తవ్వుతానని ఆయన నోరు తెరిస్తే మా ముగ్గురి అబద్ధం బయటపడేది. అందుకే తెరవలేదు. లేని గుంతకు అందరం కాపలా కాశాం. చాచాది దయే, అమ్మది అవసరమే, బాపుది ప్రేమే. వాటిలో దేన్నీ తప్పనలేను. అన్నీ కలిసి ఆయన్ని మింగేశాయి.

గుంత పూడ్చిన ఆ రోజు నుంచి నాకు మిగిలింది ఇదే: ఓదార్పు మాట నా నోట రాదు. యథార్థవాది లోకవిరోధి అంటారు కదా, మా వాడలో నాకు ఆ పేరే ఉంది. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్ళకు గోడలో చెమ్మ ఉందని వాళ్ళడగకముందే చెప్తాను, వాళ్ళు వెళ్ళిపోతారు. నయం కాని రోగికి నయమవుతుందని చెప్పలేక చూడటానికే పోను. ఒక్క బాపుకు తప్ప, ఉన్నది ఉన్నట్టు అందరికీ చెప్పగలిగాను. టైల్స్ అతను ఇసుక, సిమెంటు కలుపుతూ, నాడెను మళ్ళీ లోపలే పెట్టాలా అని అడిగాడు. వద్దన్నాను. ఇప్పుడది నా దిండు పక్కన ఉంది. పొద్దున లేవగానే దాన్ని చేతిలోకి తీసుకుని, “రాళ్ళే బాపు, ఇసుక కాదు,” అంటాను.