పిన్ని కాలికి కార్బన్ రేకు

పసితనంలో వచ్చిన పోలియోకి మా పిన్ని ఎడమకాలు చచ్చుబడింది. తొడ నుంచి కిందిదాకా ఇనుప కమ్మీలు, వాటికి బిగించిన తోలుబూటు, అదీ ఆమె కాలిపర్. ఉదయగిరిలో మా చర్చిలో చెప్పులు బయట విడవాల. బూటు విప్పితే కమ్మీలూ ఊడొస్తాయి. అందుకని పిన్ని ఇన్నేళ్ళూ వరండాలోనే, అందరి చెప్పుల పక్కన కుర్చీ వేసుకోని కూర్చునేది. "బూటుతోనే రామ్మా" అని పాస్టరుగారు పిలిచినా ససేమిరా అనేది. లోపల నిలబడి, దేవుడు తనకు చేసిన మేలు అందరి ముందూ ఒక్కసారి సాక్ష్యంగా చెప్పాలని మాత్రం ఆమెకు ప్రాణం.

నేను ఆత్మకూరులో కృత్రిమ కాళ్ళు చేసే వర్క్‌షాపులో పనిచేస్తా. కార్బన్ గుడ్డ మొదటిసారి చేతికొచ్చిన రోజు నాకు అన్నం దిగలా! కార్బన్ పోగులతో నేసిన పలచటి నల్లగుడ్డ. పొర మీద పొర జిగురు పట్టించి ఆరబెడితే రేకవుతుంది. చదునుగా ఉంటే ఊగుతుంది. అదే రేకుకి వంపు తిప్పి, నడుమ గట్టు తీస్తే ఇంక నా బరువుకి కూడా వంగదు. ఇంటికప్పు రేకులకు వంకీలెందుకో అప్పుడు తెలిసింది. "పిన్నీ, నీ ఇనుము ఇంక అటకమీదికే!" అని ఫోన్లో అరిచినాను.

ఆమె కాలికి అచ్చు తీసి, రేకుతో కొత్త కాలిపర్ చేసి, ఎగేసుకుంటా తీసకపోయినా. పిన్ని ఒక్క చేత్తో ఎత్తి, తిప్పి తిప్పి చూసింది.

"బాగుండాది. మళ్ళీ దీనికి బూటెందుకు బిగించినావే? బూటు బయట విడిస్తే నీ రేకూ బయటే కదా?"

నా మొహం మాడిపోయింది. పాతదాన్ని చూసి అచ్చం అట్టనే చేసినా, నా తెలివి తెల్లారినట్టే ఉండాది!

బూటు పీకేసినా. అరికాలి కింద కూడా రేకునే సాగదీసి, అడుగున రబ్బరు అంటించినా. చెప్పు విడిచినా అది కాలికే ఉండాల. మడమ దగ్గర వంపు కుదరక ఒకటి పగిలింది. ఇంకోటి చేసి ఎక్కి తొక్కినా. కిక్కురుమనలా! వర్క్‌షాపులోనే గంతులేసినా.

ఆదివారం పిన్ని చర్చి మెట్ల దగ్గర చెప్పులు విడిచింది. నేను చెయ్యందిస్తే "తియ్యే!" అని కసిరింది. గోడ పట్టుకోని గడప దాటింది. గోడవారగా నేను వేసిన కుర్చీని చూడను కూడా చూడలా, చాపల నడుమ దారెమ్మటి నేరుగా ముందుకు పోయింది. పాట ఆగిపోయింది. పాస్టరుగారు మైకిచ్చినారు.

"దేవా, నేను లోపలికొచ్చినానయ్యా" అనింది.

అంతే ఆమె సాక్ష్యం, మైకు తిరిగిచ్చేసింది. కూర్చోమ్మా అని ఎంతమంది అన్నా కూర్చోలా. ఆరాధన అయిపోయిందాకా అక్కడే నిలబడింది.