అత్త దులిపిన దుమ్ము

మా మేనత్త మొన్న గురువారం పొద్దున పోయింది. విడవలూరు నుంచి మామ ఫోన్ చేసి, "మీ అత్త లేదు పాపా" అని మాత్రం చెప్పి పెట్టేశాడు. ఏడుపు కన్నా ముందు నాకు భయం వేసింది. దాచడమెందుకు, అత్తకు దాపరికాలు నచ్చవు.

మామది సిమెంటు రేకుల పని. రొయ్యల గుంటల దగ్గర షెడ్లకు రేకులు కోసి వేసేవాడు. సాయంత్రానికి పిండిమరలో నుంచి వచ్చినవాడిలా తెల్లగా దిగేవాడు. అత్త ఆయన్ని గడప దాటనిచ్చేది కాదు. చొక్కా, లుంగీ విప్పించి, దులిపి, అప్పుడు నానబెట్టేది. బడి సెలవులన్నీ నేను అక్కడే. లుంగీ రెండో కొస పట్టుకునేది నేనే. ఇద్దరం విదిలిస్తుంటే తుమ్ములొచ్చేవి, నవ్వులొచ్చేవి. "ఉతికితే పోనిది ఏముందే?" అనేది అత్త. నాకు జడ వేసుకోవడం, బట్ట పిండడం, గొంతెత్తి పాడడం నేర్పింది ఆవిడే.

చర్చిలో పాట ఎత్తేది కూడా అత్తే. రెండేళ్ల కిందట ఒక ఆదివారం చరణం మధ్యలో ఆగి గాలి పీల్చుకుంది. "వయసు అయిపోలా?" అని నవ్వేసింది. మేమూ నవ్వాం. తర్వాత కుడివైపు తిరిగి పడుకోలేకపోయింది, ఆ పక్కంతా నొప్పి. చిక్కిపోతుంటే వీధిలోవాళ్లు "సన్నబడినావక్కా" అని మెచ్చుకున్నారు కూడా. ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందన్నారు. తీస్తే మళ్లీ చేరింది. టీబీ అనుకుని ఆర్నెల్లు మందులు మింగించారు.

"ఏం పని చేస్తావమ్మా?" అని ప్రతి డాక్టరూ అడిగాడు. "ఏం పని లేదు సార్, ఇంట్లోనే ఉంటా" అని ప్రతిసారీ అత్త చెప్పింది. పక్కనే నిలబడ్డ మాకు ఒక్కరికీ అది తప్పని తోచలేదు. చివరికి నెల్లూరులో ఒక డాక్టరమ్మ ఊపిరితిత్తి పొర నుంచి ముక్క తీసి పరీక్షకు పంపి, రిపోర్టు వచ్చాక మామ వైపు తిరిగింది.

"మీరేం చేస్తారు?"

"రేకులు కోస్తా మేడమ్."

"బట్టలు ఎవరు ఉతుకుతారు?"

ఆ రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ పొడి ఊపిరితో లోపలికి పోయి, ముప్పై నలభై ఏళ్లకు కూడా క్యాన్సరై బయటపడవచ్చట. అందరికీ రాదట. మామకు ఇప్పటికీ దగ్గు కూడా లేదు. "నాకు రావాల్సింది" అని ఆయన గోడకు తల ఆనించి ఏడిస్తే, "నీకొస్తే నేను చూడగలనా? ఊరుకో" అని అత్త కసిరింది. అప్పటికే ఆ రెండు మాటలకూ మధ్య ఆయాసపడుతోంది.

ఆ రోజు నుంచి నాకు నిద్ర సరిగా లేదు. మెట్లెక్కి రొప్పితే చాలు, తలుపు వేసుకుని, ఒక చరణం ఆపకుండా పాడి చూసుకుంటాను. అత్త కోసం ఏడుస్తున్నానో నా కోసమో నాకే తెలియడం లేదు.

నిన్న ఎక్స్‌రేకి వెళ్లాను. డాక్టరు అడక్కముందే లుంగీ దులిపిన సంగతి చెప్పేశాను. చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టారు. అద్దం వెనక నుంచి ఎవరో "గాలి పీల్చి బిగబట్టండి" అన్నారు. పీల్చాను. వదలమన్నాక కూడా కాసేపు వదల్లేకపోయాను.