ఓబులమ్మ క్షమాపణ చెప్పలేదు

మా కుందలహళ్ళి అపార్ట్‌మెంటు గేటు దగ్గర ఓబులమ్మ పదకొండేళ్ళుగా పుట్టగొడుగులు అమ్ముతోంది. కదిరి వైపు నుంచి కూలి పనికొచ్చి, నడుము చెడ్డాక అద్దె గదిలో, తడిపిన వరిగడ్డి సంచుల్లో వాటిని పెంచడం నేర్చుకుంది. నోరు మాత్రం మంచిది కాదు. బేరమాడితే "పోయి బెండకాయలు తిను పో" అంటుంది. అయినా అందరం ఆమె దగ్గరే కొంటాం.

మత్తు పుట్టగొడుగులు తినడాన్ని నేరంగా చూడాలా వద్దా అని టీవీలో వాదించుకుంటున్న రోజులవి. మా అపార్ట్‌మెంటులోనే ఉండే శశికళ కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, వెళ్ళి ఓబులమ్మను అడిగింది: "అవ్వా, మ్యాజిక్ ఉండేవి ఇవేనా?" స్కూల్లో అడిగితే నోరుమూసుకోమన్నారట. ఓబులమ్మ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది. గోరంతను కొండంత చేయడంలో మా వాట్సాప్ గ్రూపుకు సాటి లేదు కదా. గేటు దగ్గర పిల్లలకు డ్రగ్స్ పాఠాలు చెబుతున్నారని శశికళ రాసింది.

ఆదివారం మీటింగు పెట్టి ఓబులమ్మను పిలిపించారు. సెక్రటరీ మల్లికార్జున్ ఒక కాగితం చాపాడు. చేసింది తప్పేనని, ఇకపై పిల్లలతో ఇలాంటివి మాట్లాడనని అందులో ఉంది. వేలిముద్ర వేస్తే గేటు దగ్గర చోటు ఉంటుంది, లేదంటే లేదు. నాకు ఒళ్ళు మండింది. మండి ఏం లాభం, నోరు పెగల్లేదు.

"వెయ్యను" అంది ఓబులమ్మ. "ఆ బిడ్డ మళ్ళా అడిగితే మళ్ళా చెప్తా."

"అసలేం చెప్పావు మా పాపకి?" శశికళ లేచింది.

"మత్తెక్కేదీ, కాటికి పంపేదీ పక్కపక్కనే మొలుస్తాయి, ఇన్నేండ్లు చేసిన నాకే గుర్తుపట్టను రాదు, ఏరుకోని తినొద్దు పాపా అన్న్యా. ఎవురన్నా తినింటే దాచిపెట్టద్దు, బిరీన ఆస్పత్రికి తీసకపో, తన్నులు తర్వాత తినొచ్చు అన్న్యా."

"ఇవన్నీ నీకెందుకు?" అన్నాడు మల్లికార్జున్.

"మా తమ్ముడు చెన్నయ్య మత్తుకని ఏరుకోని తిన్న్యాడప్పా. పోలీసోళ్ళు పట్టుకుంటారని జతగాళ్ళు వాణ్ణి రెండు దినాలు షెడ్డులో దాచినారు. నిన్న తెచ్చింటే బతికేటోడు అన్న్యాడు డాక్టరు."

అయినా మల్లికార్జున్ పట్టు వదల్లేదు. "అంటే నేరం కాదనమంటావా?"

"చట్టం నాకు తెలీదు. వాడు జైల్లో ఉండింటే, పోయి చూసొస్తుంటి కదప్పా."

కాగితం వెనక్కి తోసి, బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

మర్నాడు రోడ్డుకు అవతల కూర్చుంది. అక్కడ నీడ లేదు. నేను వెళ్ళి రెండు ప్యాకెట్లు తీసుకున్నాను. మీటింగులో నోరెత్తనందుకు సిగ్గుగా ఉంది. వెనక్కి తిరిగితే, కూతురి చేయి పట్టుకుని శశికళ రోడ్డు దాటుతోంది.

"దీనికింకా ఏదో అడగాలంట" అంది, ఓబులమ్మ ముఖం చూడకుండా.

ఓబులమ్మ బుట్ట పక్కకు జరిపింది.

"అడగనీ. నువ్వూ కూసో."