పేజీలోంచి తీసేసిన రిజిస్టర్ లైను

రైతు ఓబులేసుకు రావలసిన వేరుశనగ విత్తనకాయలు ఇవ్వలేదు. వాళ్ల అన్న తీసుకున్నాడు కాబట్టి ఇతను కూడా తీసుకున్నట్టేనని మా కంప్యూటరు చెప్పింది. అది తప్పు. ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని పొరపాటు అని మెత్తగా అనడానికి నాకు నోరు రాదు.

2006 ఖరీఫ్ నాటికి నేను అనంతపురంలో ఒక జిల్లా ఆఫీసు కంప్యూటర్ సెక్షన్‌లో ప్రోగ్రామర్ని. టైపిస్టుగా చేరి, పుస్తకాలు కొని చదువుకుని, ఆ పని నేర్చుకున్నవాణ్ని. సబ్సిడీ వేరుశనగ విత్తనాన్ని వెబ్ పేజీల ద్వారా పంపిణీ చేయాలని ఆ ఏడు ప్రయోగంగా పామిడి కేంద్రంలో మొదలుపెట్టారు. పేజీల కాంట్రాక్టు హైదరాబాదు కంపెనీది. భూమి వివరాల భాగం మాత్రం నేను రాసివ్వాలి.

మా వైపు అన్నదమ్ములు వేరుపడితే ఒకే సర్వే నంబరు రెండు మూడు ముక్కలవుతుంది. 212-1 అన్నది, 212-2 తమ్ముడిది. మామూలు టెక్స్ట్ బాక్సుకు ఈ సంగతి తెలియదు. అందుకని నంబరును, దాని సబ్‌డివిజన్‌ను కలిపి తీసుకుని సరిచూసే ప్రత్యేకమైన గడి, మా భాషలో కస్టమ్ సర్వర్ కంట్రోల్, ఒకటి రాశాను. అలాంటిదాన్ని ఒకసారి రాస్తే ఎన్ని పేజీల్లోనైనా వాడుకోవచ్చు. పద్ధతి ఇదీ: కంట్రోల్ ప్రోగ్రాం ఉన్న ఫైలును, అంటే డీఎల్ఎల్‌ను, వెబ్‌సైటులోని బిన్ అనే ఫోల్డరులో పెట్టాలి. పేజీ పైభాగాన రిజిస్టర్ అనే లైను రాసి, కంట్రోల్ ఏ డీఎల్ఎల్‌లో ఉంది, అందులో ఏ నేమ్‌స్పేస్ అనే పేర్ల గుంపు కింద ఉంది, ఈ పేజీలో దాన్ని ఏ ముందుపేరుతో పిలుస్తాం అన్నవి చెప్పాలి. ఆ తర్వాతే పేజీలో కావలసిన చోట దాన్ని వాడుకోవాలి. ఇదంతా కాగితం మీద రాసి మరీ కంపెనీకి పంపాను.

జూన్‌లో వాన పడింది. ఆ మర్నాడో, ఆ పై రోజో ఓబులేసు పామిడి బస్సు దిగి నేరుగా మా సెక్షన్‌కు వచ్చాడు.

"మా అన్న తీసుకుంటే నేను తీసుకున్నట్టేనా సార్? ఆయన అన్నం తింటే నా కడుపు నిండుతాదా? నాయన ఉన్నప్పుడే భాగాలు పంచినాడు మాకు" అన్నాడు.

పామిడి ఆపరేటరుకు ఫోన్ చేశాను. "నన్నేం చేయమంటారు సార్? డ్యాష్ కొడితే ఎర్ర అక్షరాలు వస్తాండాయి. అంకెలే కొట్టమంటాండాది. వాళ్లన్నకు ఉత్త 212 అని కొట్టినాను, తీసుకునింది. ఈయనకూ 212 కొడితే ఇచ్చేసినామంటాండాది" అన్నాడు.

పేజీ తెరిచి లోపల చూశాను. రిజిస్టర్ లైను లేదు. నా కంట్రోల్ లేదు. దాని చోట అంకెలు తప్ప ఏదీ ఒప్పుకోని టెక్స్ట్ బాక్సు కూర్చుని ఉంది. నాతో ఒక మాట కూడా అనకుండా తీసేశారు.

వెంటనే సరిచేస్తానంటే మా సెక్షన్ ఆఫీసరు ఒప్పుకోలేదు. "కంపెనీ పేజీ మీద చెయ్యి పెడితే రేపు ఏం జరిగినా మన మెడకే చుట్టుకుంటాది. రాతపూర్వకంగా అడుగుదాం" అన్నాడు. నిబంధన ప్రకారం ఆయన మాట సరైనదే.

ఓబులేసు గుమ్మం దగ్గర నుంచి కదలలేదు. "నేలలో వాన పదును ఆరిపోతాండాది సార్."

"ఏమప్పా, నీ చేను నేనేమన్నా ఎండబెడతాండానా?" అన్నాడు ఆఫీసరు.

"ఎండబెట్టేది ఎండే సార్. విత్తనం పట్టుకొని కూర్చునింది మీరు."

ఆఫీసరుకు ఆ మాట నవ్వు తెప్పించిందో, చురుక్కున తగిలిందో గాని, ఫోన్ అందుకుని కంపెనీతో మాట్లాడి సరే అనిపించాడు. నేను నోట్ పెట్టాను, ఆయన సంతకం చేశాడు. డీఎల్ఎల్‌ను బిన్‌లో పెట్టి, ఆ టెక్స్ట్ బాక్సు తీసి, కంట్రోల్‌ను మళ్లీ దాని చోట పెట్టాను. ఈసారి రిజిస్ట్రేషన్‌ను పేజీలో రాయలేదు. పేజీలు నడిపే సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్‌లో వెబ్‌సైటు మొత్తానికీ కలిపి వెబ్ కాన్ఫిగ్ ఫైలులో ఒక్కచోటే రిజిస్టర్ చేసే వీలు వచ్చింది. అక్కడ రాశాను. ఒక పేజీలోంచి ఎవరో చెరిపేస్తే పోయేది కాదు అది.

ఓబులేసుకు మరుసటి రోజు విత్తనం అందింది. పల్లపు చేను విత్తుకున్నాడు. మిట్ట చేను అప్పటికే ఆరిపోయింది. ఆ ఏడు దాన్ని బీడు పెట్టాడు.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒక్కటే. తెరుచుకోని పేజీని ఎవరైనా బాగుచేస్తారు. తెరుచుకుని తప్పు చెప్పే పేజీని ఎవరూ అనుమానించరు. కాబట్టి ఎర్రర్ వచ్చినప్పుడు దాని కారణాన్ని తీసేయాలి గాని ఎర్రర్ ఇచ్చిన లైనును తీసేయకూడదు.

ఆ లైను ఎందుకు తీశారని కంపెనీకి రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. కోతల కాలం అయిపోయాక, ఆ పేజీ తయారుచేసిన ఇంజనీరు నుంచి మెయిలు వచ్చింది:

"సార్, మా టెస్ట్ సర్వరులో మీ డీఎల్ఎల్ పెట్టడం మరిచిపోయాం. పేజీ ఎర్రర్ ఇచ్చింది. ఆ పూటే పెద్ద అధికారులకు డెమో ఉంది. లైను తీసి మామూలు బాక్సు పెడితే తెరుచుకుంది. అందరూ బాగుందన్నారు. డెమోలో మేము కొట్టిన నంబర్లలో డ్యాష్ ఉన్నది ఒక్కటీ లేదు."