నా కోసం తిరిగిన ఓడ

మొన్న క్రూయిజ్ ఓడలో నా ప్రసంగం అయ్యాక, మదురై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, మన తెలుగే, నన్ను పక్కకు పిలిచి, "మీ కోసరం ఎప్పుడన్నా కప్పల్ తిప్పినారా తంబీ?" అని అడిగింది. కప్పల్ అంటే ఓడే. తిప్పారు. అట్లాంటిక్ నడిమధ్యన, బొగ్గు నిండిన ఓడను ఒక కెప్టెన్ అచ్చంగా నా ఒక్కడి కోసం తిప్పాడు. ఇతిహాసంలా వినిపిస్తుంది గానీ, కాదు. కాస్త ఎడమకు తిప్పాడు, పని కాగానే మళ్ళీ దారిలో పెట్టాడు.

నలభై నిండకముందే 'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడం ఇప్పుడు నా ఉద్యోగం. విహారానికి వచ్చినవాళ్ళకు ఓడల చరిత్ర చెప్పి, భోజనం వేళ దాకా కాలక్షేపం చేయిస్తాను. ఆ రోజుల్లో మాత్రం సరుకు ఓడలో థర్డ్ ఆఫీసర్‌ని. నాయనకు మా ఊరు తుడియలూరులో పంపులు చేసే వర్క్‌షాపు ఉండేది. ఆయన సముద్రం చూసింది ఒక్కసారే, రామేశ్వరంలో. ఇన్ని నీళ్ళు పెట్టుకొని ఒక్క పంపు కూడా లేదే అని విసుక్కున్నాడట.

ఆయన పోయిన కబురు అందేసరికి దగ్గరి రేవు కూడా రోజుల దూరంలో ఉంది. నా కోసం ఆగవద్దని తమ్ముడికి చెప్పేశాను. అందరూ ఒప్పుకున్నారు, తేని నుంచి వచ్చిన మేనత్త తప్ప. కొరివి చిన్నోడు పెట్టినా సరే, దింపుడుకళ్ళం దగ్గర చెవిలో పిలవాల్సింది పెద్దకొడుకేనని, ఆ పిలుపు పడకుండా పాడె మళ్ళీ ఎత్తనివ్వనని పట్టుబట్టింది. శ్మశానం దారిలో పాడె దించి, ఒకవేళ లేస్తాడేమోనని మూడుసార్లు పిలుస్తారు కదా, అది. మావాళ్ళు ఆంధ్రదేశం విడిచి వందల ఏళ్ళయినా ఆ ఆశను మాత్రం మూటగట్టి తెచ్చుకున్నారు.

తమ్ముడు ఓడకు ఫోను చేశాడు. "అన్నా, నాయన చెవికాడ ఫోను పెట్టినా, పిలువు" అన్నాడు. నోరు తెరిచాను, లైను తెగింది. మళ్ళీ చేశాడు, మళ్ళీ తెగింది. విధి అనుకుందామంటే, మా ఆంటెనాకూ శాటిలైట్‌కూ మధ్య అడ్డున్నది పొగగొట్టం.

కెప్టెన్ పక్కనే ఉన్నాడు. చుక్కాని పట్టుకున్నవాడికి ఒక మాట చెప్పి, బైనాక్యులర్స్ తీసుకొని, ఏమీ లేని వైపు చూస్తూ నిలబడ్డాడు. అంత ఓడా బద్ధకంగా పక్కకు మళ్ళింది. పొగగొట్టం అడ్డు తప్పి లైను కలిసింది. లారీ హారన్ల మధ్య అత్త గొంతు వినిపించింది: "ఆ చెవి కాదురా, దాంట్లో ఇనపడదు ఆయనకు. కుడి పక్క పెట్టు." ఏళ్ళ తరబడి పంపుల చప్పుడు తిన్న చెవి అది. తమ్ముడు అటు మారినట్టున్నాడు. "సత్తంగా పిలవరా పెద్దోడా" అంది నాతో, గట్టిగా అని.

నాయనా అన్నాను, మూడుసార్లు. ఆ ఫోన్లలో మాట పోయి రావడానికి కొంత సమయం పట్టేదని నా వయసు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. నా పిలుపే ఒక్కొక్కటీ ఆలస్యంగా నా చెవికి తిరిగి వచ్చింది, ఎవరో వేరే కుర్రాడు వాళ్ళ నాయనను పిలుస్తున్నట్టు. ఏడుపు వస్తుందేమోనని కాసేపు చూశాను, రాలేదు. అత్త కూడా అక్కడ కాసేపు చూసే ఉంటుంది. తర్వాత, "సరి, ఎత్తండి" అంది.

కెప్టెన్ అయిందా అన్నట్టు చూశాడు. తలూపాను. ఓడ పాత దారికి వచ్చింది. నా డ్యూటీ ఇంకా మిగిలి ఉంది, చేశాను.

ఇప్పుడు ప్రయాణికులు ఈతకొలను పక్కన కూర్చొని ఫోనులో ఇంట్లోవాళ్ళ ముఖం చూస్తూ మాట్లాడుకుంటారు. ఎవరి కోసమూ ఎవరూ చుక్కాని తిప్పనక్కర్లేదు, నోరు మూసుకొని పక్కకు తిరిగి నిలబడనూ అక్కర్లేదు. ఓడలకు ఇప్పుడు రెండు ఆంటెనాలు పెడుతున్నారు. ఒకదానికి పొగగొట్టం అడ్డొస్తే రెండోది అందుకుంటుంది.